ఓ పాజిటివ్ వాళ్లకి వైరస్ జ్వరాలు రావా? మా వారు టెస్ట్‌కి రానంటున్నారు

పటమట_వాసి:
నమస్కారమండీ. మాది విజయవాడ. నాదీ మా బాబుదీ ఏ పాజిటివ్, మా వారిదీ అత్తయ్యదీ ఓ పాజిటివ్. 2021లో నాకూ బాబుకీ కోవిడ్ వచ్చింది, ఒకే ఇంట్లో ఉన్నా వాళ్లిద్దరికీ రాలేదు. అప్పట్నుంచి అత్తయ్యకి గట్టి నమ్మకం, ఓ గ్రూపు వాళ్లని వైరస్ ఏమీ చేయదని. వాట్సాప్‌లో కూడా ఎవరో అదే పంపారు. మొన్న బాబుకి డెంగీ వచ్చి సూర్యారావుపేటలో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం, ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ మూడు రోజులుగా మా వారికి జ్వరం, కళ్ల వెనక నొప్పి. టెస్ట్ చేయిద్దాం అంటే "నాది ఓ, నాకేం కాదు" అని మాత్ర వేసుకుని వన్‌టౌన్‌లో షాపుకి వెళ్లిపోతున్నారు. నిజంగా గ్రూపుని బట్టి ఉంటుందా? ఏ గ్రూపు కాబట్టి బాబుకి ఇలా ప్రతిదీ పట్టుకుంటుందేమోనని కూడా నాకు ఒకటే టెన్షన్.

గుంటూరు_ల్యాబ్:
అమ్మా, గ్రూపు సంగతి తర్వాత, ముందు ఆయనకి ఈ రోజే ఎన్‌ఎస్1 (రక్తంలో డెంగీ వైరస్ ఉందేమో చూసేది), సీబీసీ (ప్లేట్‌లెట్లు, రక్తకణాల లెక్క) చేయించండి. ఎన్‌ఎస్1 మొదటి ఐదు రోజుల్లోనే బాగా దొరుకుతుంది. ఆ వేసుకునే మాత్ర ఏంటో కూడా చూడండి, పారాసిటమాల్ అయితే సరే, బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివైతే వెంటనే ఆపించండి, డెంగీలో రక్తస్రావం అవుతుంది. నేను కొత్తపేటలో ల్యాబ్‌లో చేస్తాను, వానాకాలం వస్తే ఓ గ్రూపు వాళ్ల రిపోర్టులు చేతినిండా ఉంటాయి. మన దగ్గర ఓ, బీ గ్రూపులవాళ్లే ఎక్కువ కదా, డెంగీ వచ్చేవాళ్లలోనూ వాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

బయాలజీ_మాస్టారు:
మీ అత్తగారి మాట పూర్తిగా గాలిమాట కాదండీ, అందుకే ఇంత చిక్కు. 2003లో సార్స్ (కోవిడ్ లాంటి కరోనా వైరస్ జబ్బే) వచ్చినప్పుడు హాంకాంగ్‌లో ఒక ఆసుపత్రి సిబ్బందిని పరిశీలిస్తే ఓ గ్రూపు వాళ్లకి తక్కువగా సోకిందని తేలింది. 2020లో ఇటలీ, స్పెయిన్ ఆసుపత్రుల్లో కోవిడ్‌తో ఊపిరి అందని వాళ్ల జన్యువులు చూస్తే ఏ గ్రూపు వాళ్లకి ముప్పు సుమారు 45 శాతం ఎక్కువ, ఓ వాళ్లకి 35 శాతం తక్కువ అని వచ్చింది. కానీ ఆ 45 శాతాన్ని ఎలా చదవాలో వాట్సాప్‌లో ఎవరూ చెప్పరు. నూటికి ఇద్దరికి వచ్చే ప్రమాదం ముగ్గురికి వస్తుందన్నమాట, అంతే. పైగా తర్వాత వేరే చోట్ల చూస్తే కొన్నింటిలో జబ్బు తీవ్రతకీ గ్రూపుకీ సంబంధమే దొరకలేదు. వయసు, షుగర్ తెచ్చే తేడా ముందు గ్రూపు తేడా చాలా చిన్నది.

కారణం గురించి ఒక ఊహ ఉంది. ఏ, బీ గ్రూపుల వాళ్ల కణాల మీద ఆ గ్రూపు గుర్తులుంటాయి, ఓ వాళ్ల రక్తంలో ఆ రెండు గుర్తులకీ యాంటీబాడీలు పుట్టుకతో కాకపోయినా చిన్నప్పుడే తయారవుతాయి. ఏ గ్రూపు మనిషి కణాల్లోంచి బయటికొచ్చిన వైరస్ ఆ గుర్తు తగిలించుకుని వస్తే, ఓ మనిషి ఒంట్లో ఆ యాంటీబాడీలు దాన్ని కొంత అడ్డుకోవచ్చని. బాగా రుజువైన సంగతి మాత్రం వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్‌ది. ఈ గ్రూపు గుర్తులు అసలు చక్కెర గొలుసులే, పేగు గోడల మీద కూడా ఉంటాయి, ఆ వైరస్ వాటినే పట్టుకుంటుంది. ఎఫ్‌యూటీ2 అనే జన్యువు పనిచేయని వాళ్లకి పేగుల్లో ఆ గొలుసులు ఉండవు, దాంతో చాలా రకాల నోరోవైరస్ వాళ్లకి అంటుకోదు. ఇది ఏ, బీ, ఓ మీద కాదు, వేరే జన్యువు మీద ఆధారపడింది.

డెంగీ దారే వేరు. అది దోమ కుట్టి నేరుగా లోపలికి పంపేది, అందులో నాలుగు రకాలున్నాయి, ఒకటి వచ్చి తగ్గాక రెండోసారి వేరే రకం వస్తేనే ఎక్కువ ప్రమాదం. బాబు విషయంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది అది, ఏ పాజిటివ్ అన్నది కాదు. ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జ్వరం వచ్చిందంటే దోమ ఆ ఇంట్లోనే ఉందేమో చూడండి.

మంగళగిరి_తమ్ముడు:
అక్కా, మా పెద్దన్నయ్యది ఓ పాజిటివే. 2021 మేలో ఇదే మాట అని ఐదు రోజులు టెస్ట్ చేయించుకోలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆక్సిజన్ డెబ్బైల్లో ఉంది. దక్కలేదు. బావగారిని బతిమాలో పోట్లాడో తీసుకెళ్లండి.

పటమట_వాసి:
తమ్ముడూ, నీ మెసేజే చదివి వినిపించాను. ఏమీ మాట్లాడకుండా చొక్కా వేసుకుని వచ్చారు. ఎన్‌ఎస్1 పాజిటివ్, ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. వేసుకున్నది పారాసిటమాలే. డాక్టరుగారు ఇంట్లోనే ఉండి నీళ్లు బాగా తాగమన్నారు. అత్తయ్య పొద్దున్నుంచి కూలర్‌లో నీళ్లూ కుండీల కింద పళ్లేలూ ఖాళీ చేయిస్తున్నారు. ఇప్పుడు జ్వరం కాస్త దిగినట్టుంది, రేపు మళ్లీ సీబీసీ అవసరమా?

గుంటూరు_ల్యాబ్:
తప్పకుండా చేయించండమ్మా. జ్వరం దిగాక ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్త. ప్లేట్‌లెట్లు ఒక్కటే కాదు, రిపోర్టులో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం, పెరిగితే రక్తం చిక్కబడుతున్నట్టు) పెరుగుతుందేమో కూడా డాక్టరుగారికి చూపించండి. కడుపులో గట్టిగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లిపోండి.