సమస్య: "సంచిలోన సంచి సంహరించె"

నిర్వాహకుడు: ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో మన ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే ఈ సమస్య తీశాను. ఆటవెలది చివరి పాదం. ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు పాత్రలై ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోని మాయవస్తువు పద్యంలో ఉండాలి, పేరు మీరెలా పలుకుతారో అలాగే రాయాలి. గణం, యతి చూస్తే ఎవరెలా పలికారో తెలిసిపోతుంది, ఇంగ్లిష్ స్పెల్లింగ్ చాటున దాక్కోవడం కుదరదు.

వైట్‌ఫీల్డ్ నుంచి:

మాయసంచిఁ దెచ్చి మరియొక్క సంచిలో
పెట్టగానె తెరచె పెద్దనోరు
పదియడుగులలోన పార్టినే మ్రింగెను
సంచిలోన సంచి సంహరించె

నిర్వాహకుడు: ధార బాగుందండి. లోపల బయటికన్నా చాలా చోటుండే మాయసంచి బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్‌ని హ్యాండీ హ్యావర్‌సాక్ అనే మరో మాయసంచిలో గానీ పోర్టబుల్ హోల్ అనే మాయగుంతలో గానీ పెడితే రెండూ నాశనమై ఆస్ట్రల్ ప్లేన్ అనే మరో లోకానికి ద్వారం తెరుచుకుంటుంది, పది అడుగుల లోపు ఉన్నవాళ్లని లాగేస్తుంది, అయితే చంపదు. కాబట్టి "సంహరించె" సంచులకే అన్వయించాలి. "పార్టీనే" అంటే మూడు గురువులు, గణం చెడుతుంది. ఆటగాళ్ల జట్టుని మనం మాటల్లో పార్టి అనే అంటాం గనక నాకు అభ్యంతరం లేదు. "మరియొక్క సంచి" మాత్రం పేలవంగా ఉంది, ఏ సంచో చెప్పాలి. మొదటి పాదం ఇలా మారిస్తే?

అయ్యొ మాయసంచి హ్యావరుసాకులో

మధ్యలో ఉన్న పొల్లు ర్‌ని మన నాలుక "రు" చేసేస్తుంది, అలా పలికితేనే భగణం, రగణం వరసగా కుదిరాయి. అ, హ్యా యతి కూడా సరిపోయింది.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి: అన్నా, నాది క్రమాలంకారం. మూడు ప్రశ్నలు, చివరి పాదంలో వరసగా మూడు జవాబులు.

అతఁడు దాచె నెందు నైయూను రాయిని
బరువునెల్ల నేది భద్రపరచు
వార్పలనెడి కత్తి వైరి నేమి యొనర్చె
సంచిలోన సంచి సంహరించె

వైట్‌ఫీల్డ్ నుంచి: అద్భుతం తమ్ముడూ, ఐయూన్ అని పలికావు కాబట్టే అ, ఐ కలిశాయి, మా టేబుల్లోలాగా "యూన్" అంటే యతి పోయేది. కానీ ఆ మాయరాయి తల చుట్టూ తిరిగితేనే పనిచేస్తుంది, సంచిలో దాస్తే ఒట్టి రాయే.

నిర్వాహకుడు: దాచుకోవడానికి రూల్ ఒప్పుకుంటుంది, ఆ పాదం ఉండనిద్దాం. నా పేచీ మూడో పాదంతో. ఆ మాయకత్తి పేరు వోర్పల్, వార్పల్ కాదు. లూయిస్ కారల్ పద్యంలో పుట్టి 1871లో అచ్చైన మాట, అర్థం తానే చెప్పలేనని ఆయన ఓ ఉత్తరంలో రాశాడు. అర్థమే లేని మాటకి మిగిలేది శబ్దం ఒక్కటే, దాన్నీ వదులుకుంటే ఎలా? వోర్పల్ అనగానే వో, వై కలవవు, యతిభంగం.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి: మా డీఎం, అదే మా ఆట నడిపేవాడు, వార్పల్ అంటాడన్నా, అదే అలవాటైంది. మార్చాను, వకారానికి పకారం చెల్లుతుంది కదా:

వోర్పలనెడి కత్తి పోర నేమి యొనర్చె

నిర్వాహకుడు: చెల్లుతుంది, ఇప్పుడు యుద్ధం కూడా పద్యంలోకి వచ్చింది. ఈసారి పెద్దపీట నీకే తమ్ముడూ. వచ్చే వారానికి డేర్న్స్ ఇన్‌స్టంట్ ఫోర్ట్రెస్ అనే మాయకోట తీసుకోండి: అంగుళం ఘనం, ఆజ్ఞాపదం పలికితే 30 అడుగుల ఎత్తు బురుజవుతుంది. డేర్న్ అంటారో డెయిర్న్ అంటారో ముందే నిర్ణయించుకుని రాయండి. పాదం ఇది:

అంగుళంపుకోట యడవి నణఁచె