నేర గణాంకాలను శుభ్రం చేసే పని ప్రైవేటు కన్సల్టెన్సీలకు ఇవ్వవచ్చా?

లెక్కలపిచ్చి:
ఎఫ్ఐఆర్ సమాచారాన్ని సరిచేసి విశ్లేషణకు పనికివచ్చేలా తయారు చేయడానికి పోలీసు శాఖలు బయటి కన్సల్టెన్సీలను పెట్టుకోవాలా, వద్దా? పెట్టుకోవాలనే నేనంటాను. నా జీవనం ఇలాంటి పని మీదే కాబట్టి నా మాటను ఆ మేరకు తగ్గించి చదువుకోండి.

2009లో మంజూరైన సీసీటీఎన్ఎస్ పథకంతో (దేశంలోని పోలీసు స్టేషన్లను కంప్యూటర్లతో కలిపే పథకం) స్టేషన్లు కంప్యూటర్‌లోకి వచ్చాయి. వచ్చిన సమాచారం ఎలా ఉందో చూస్తే తల తిరుగుతుంది. ఒకే మండలానికి నాలుగు స్పెల్లింగులు. బాధితుడి వయసు తెలియకపోతే ఒకచోట సున్నా, మరోచోట 99. నేరం జరిగిన తేదీ ఉండాల్సిన గడిలో కేసు నమోదైన తేదీ. ఇదంతా రాత్రి గస్తీ ముగించుకుని వచ్చిన కానిస్టేబుల్ కూర్చుని దిద్దే పనా?

మాజీ రైటర్:
స్టేషన్ రైటర్‌గా, అంటే స్టేషన్లో కేసుల రికార్డులు రాసేవాడిగా చేసి రిటైర్ అయ్యాను. స్పెల్లింగులు ఎవరు దిద్దుకున్నా నాకు అభ్యంతరం లేదు బాబూ. చిక్కంతా సెక్షన్ల దగ్గర ఉంది.

అనుమానాస్పద మృతి అని 174 సీఆర్‌పీసీ కింద కేసు కట్టేవాళ్ళం. పోస్టుమార్టం నివేదికలో హత్య అని తేలితే సెక్షన్ మార్చి కోర్టుకు మెమో పంపేవాళ్ళం. 307 (హత్యాయత్నం) కేసులో బాధితుడు ఆసుపత్రిలో చనిపోతే అది 302 (హత్య) అవుతుంది. మెమో ఫైల్లో ఉంటుంది, కంప్యూటర్‌లో మాత్రం పాత సెక్షన్ అలాగే ఉండిపోయిన కేసులు నేను చూశాను. ఊరూ పేరూ తెలియని కుర్రవాడు ఎక్కడో కూర్చుని ఏది నమ్ముతాడు?

ఇంకొకటి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా వాటిలో పెద్ద శిక్ష పడేదాన్ని మాత్రమే తీసుకుంటారు. మనిషిని చంపి నగలు పట్టుకుపోతే అది హత్యల పట్టికలోకి వెళుతుంది. మిగతా సెక్షన్లు ఎలాగూ లెక్కకు రావు కదా అని శుభ్రం చేసేవారు వాటిని తీసేస్తే, ఆ జిల్లాలో నగల కోసం ఎన్ని హత్యలు జరిగాయో రేపు ఎవరూ చెప్పలేరు.

ఇవన్నీ ఒక ఎత్తు. పోలీసులు జోక్యం చేసుకోదగ్గ నేరమని సమాచారంలోనే తెలుస్తుంటే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా గడప దగ్గరే వెనక్కి పంపేసిన ఫిర్యాదు ఏ వరుసలోనూ ఉండదు. దాన్ని ఏ కన్సల్టెన్సీ శుభ్రం చేస్తుంది?

ఓరుగల్లు పరిశోధక:
రైటర్ గారూ, మీ చివరి ప్రశ్న సరైనదే. అయితే ఉన్న వరుసలే మాకు అర్థం కావడం లేదు. 2016 అక్టోబరులో తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. పాత ఆదిలాబాద్ నాలుగుగా విడిపోయింది. అందులో మంచిర్యాల రెవెన్యూ లెక్కలో జిల్లా, పోలీసు లెక్కలో రామగుండం కమిషనరేట్‌లో భాగం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. రైల్వే పోలీసులది ఎప్పుడూ వేరే వరుస. పదేళ్ళ నేరాలను జిల్లావారీగా పోల్చమని మా గైడ్ గారు సులువుగా చెప్పేశారు! స్టేషన్ స్థాయికి దిగితే తప్ప అది కుదరదు.

కోర్టు గుమ్మం:
న్యాయవాదిగా నా భయం వేరు. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో ఆదేశించిన సుప్రీంకోర్టే, లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులను మినహాయించింది. అత్యాచార బాధితురాలి వివరాలు బయటపెడితే కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్ 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఉంది. పేరున్న గడి తీసేశాం, ఇక ఇబ్బంది లేదని కంపెనీలు అంటాయి. ఫిర్యాదు సారాంశంలో ఏముంటుందో వారు చదివారా? ఊరు, వీధి, బడి, తండ్రి వృత్తి అన్నీ ఉంటాయి. చిన్న ఊళ్ళో పేరు రాయకపోయినా ఆ అమ్మాయి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఆ ఫైలు ఏ ఒప్పంద ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో ఉందో శాఖకు తెలుసా?

లెక్కలపిచ్చి:
సారాంశం గడి శాఖ గడప దాటకూడదు, అందులో వాదన లేదు. పని అక్కడి గదిలో, అక్కడి కంప్యూటర్‌లోనే జరగాలి.

కానీ రైటర్ గారు సెక్షన్ల గురించి చెప్పినదే నా వైపు సాక్ష్యం అనుకుంటున్నాను. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో బీఎన్ఎస్ వచ్చింది. హత్య 302 నుంచి 103కు వెళ్ళింది. ఇప్పుడు బీఎన్ఎస్ 302 అంటే మతపరమైన మనోభావాలు గాయపరిచే మాటలు! ఐపీసీ 304 హత్య కాని ప్రాణహరణం, బీఎన్ఎస్ 304 స్నాచింగ్. చట్టం పేరు రాయకుండా వట్టి ‘302’ అని కొట్టిన గడిని ఏ పట్టికలో వేస్తారు? కొత్త చట్టంలో సెక్షన్లు 358 మాత్రమే కాబట్టి 376, 420 కనిపిస్తే పాతవని తెలుస్తుంది. 302, 304 అలా తేలవు. తేదీని బట్టి విడగొడదామంటే, జూన్‌లో జరిగిన నేరానికి ఆగస్టులో కేసు కట్టినా ఐపీసీ సెక్షన్లే వేస్తారు. అందుకే నేరం జరిగిన తేదీ కావాలి. ఆ గడి సంగతి మొదటే చెప్పాను.

పైగా మెడలో గొలుసు లాక్కుపోతే ఇంతకుముందు కొందరు 379 (దొంగతనం) వేసేవారు, కొందరు 392 (దోపిడీ). ఇప్పుడు దానికి సొంత సెక్షన్ వచ్చింది. దోపిడీలు తగ్గాయని ఎవరైనా ప్రకటిస్తే ముందు ఇది చూడాలి. వేల వరుసల్లో దీన్ని పట్టుకోవడానికి ప్రోగ్రాము రాయగలవాళ్ళు కావాలి, ఎంత అనుభవమున్నా రైటర్ ఒక్కడి వల్ల కాదు.

లీడ్స్ తెలుగువాడు:
ఇంగ్లండులో జరిగింది చెబుతాను. 2014 జనవరిలో పోలీసులు నమోదు చేసిన నేరాల లెక్కలకు ‘జాతీయ గణాంకాలు’ అన్న హోదాను అక్కడి గణాంకాల ప్రాధికార సంస్థ తీసేసింది. అదే ఏడాది పోలీసు తనిఖీ విభాగం పరిశీలిస్తే ప్రజలు ఫిర్యాదు చేసిన నేరాల్లో 19 శాతం రికార్డుకే ఎక్కలేదని తేలింది. లైంగిక నేరాల్లో 26 శాతం. ఎవరి డేటాబేసునూ దిద్దడం వల్ల ఇది బయటపడలేదు. వచ్చిన ఫిర్యాదులను నమోదైన కేసులతో పోల్చి చూశారు. అక్కడ ప్రతి పోలీసు దళంలో క్రైమ్ రిజిస్ట్రార్ ఉంటారు. ఏది ఏ నేరంగా లెక్కించాలన్న వివాదంలో తీర్పు వారిది.

లాయరు గారికి ఒక మాట. వారు నేరాలను మ్యాపులో పెట్టేటప్పుడు అసలు స్థలం చూపరు, దగ్గర్లోని ఒక సాధారణ బిందువుకు జరుపుతారు.

మాజీ రైటర్:
లీడ్స్ బాబు చెప్పింది బాగుంది. అయితే ఆ తనిఖీ విభాగానికి పని అప్పగించింది ఆ పోలీసు దళాలు కాదు కదా. ఇక్కడ కన్సల్టెన్సీకి బిల్లు ఇచ్చేది శాఖే. నేరాలు పెరిగితే సంజాయిషీ ఇచ్చుకోవలసిన అధికారే, నేరాలను ఏ గడిలో వేశారో చూసి బిల్లు మీద సంతకం పెడతాడు. తెల్ల సున్నం వేసేవాడికి గోడలో పగులు చూపించమంటే ఎలా చూపిస్తాడు?

2022లో దేశంలో 65,893 సైబర్ నేరాలు నమోదైతే 15,297 తెలంగాణవే. ఇక్కడ నేరాలు ఎక్కువా, కేసు కట్టడం ఎక్కువా? ఆ అంకె చెప్పదు. కానీ దాన్ని చూసి మందలింపు ఎవరికి వస్తుందో ముప్పై ఏళ్ళు స్టేషన్లో ఉన్నవాడిని, నాకు తెలుసు.

లెక్కలపిచ్చి:
అయితే బిల్లు హోంశాఖ ఇవ్వనివ్వండి, గణాంక శాఖ ఇవ్వనివ్వండి. మార్చిన ప్రతి గడికీ పాత విలువ, కొత్త విలువ, కారణం పక్కపక్కనే ఉంచి ఆ జాబితాను సారాంశాలు లేకుండా బయటపెడితే అప్పుడు ఒప్పుకుంటారా?

మాజీ రైటర్:
జాబితా బయటపెట్టిన మొదటి ఏడాది తర్వాత అడగండి. ఈలోగా సెక్షన్ మార్చిన మెమోలు చదవడానికి జిల్లా నేర రికార్డుల బ్యూరో నుంచి ఒక పాత రైటర్‌ను ఆ గదిలో కూర్చోబెట్టండి. జీతం కంపెనీ ఇవ్వకూడదు.

ఓరుగల్లు పరిశోధక:
మీ ఇద్దరి ఒప్పందం కుదిరేలోపు నా థీసిస్ గడువు అయిపోతుంది. 2016కు ముందు, తర్వాత ఏ స్టేషన్ ఏ జిల్లాలో ఉందో పట్టిక ఎవరి దగ్గరైనా ఉందా? పాత వరంగల్ ఒక్కటే దొరికినా చాలు.