ప్లాస్టిక్ డబ్బాలు లేకుండా బాత్రూమ్ కడగడం: బోరు నీళ్లవాళ్లు ఏం వాడుతున్నారు?

నిజాంపేట్_సునీత
అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో పూర్తిగా బోరు, ట్యాంకర్ నీళ్లే. కుళాయిలు, షవర్, గాజు తలుపు అన్నీ వారం తిరిగేసరికి తెల్లగా గార పట్టేస్తాయి. టాయిలెట్‌కి ఒకటి, టైల్స్‌కి ఒకటి, వాసనకి ఫినాయిల్ ఒకటి... ఖాళీ డబ్బాలు బాల్కనీలో గుట్ట పడుతున్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే ‘ఎకో’, ‘గ్రీన్’, ‘నేచురల్’ అని రాసినవి కూడా చాలావరకు ప్లాస్టిక్ సీసాలోనే వస్తున్నాయి, పైగా ధర ఎక్కువ. మన నీళ్లకి నిజంగా పనిచేసినవి ఏవో వాడినవాళ్లు చెప్పండి. బ్రాండ్ల ప్రచారం మాత్రం వద్దు.

అల్వాల్_అక్క
సునీత గారూ, మాదీ బోరే. ముందు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) తెచ్చుకోండి. పాలు విరగ్గొట్టడానికి వాడతామే, అదే. బేగంబజార్ పచారీ కొట్లలో విడిగా తూచి ఇస్తారు. స్టీలు డబ్బా పట్టుకెళ్తే కవరు కూడా అక్కర్లేదు. లీటరు గోరువెచ్చని నీళ్లలో మూడు పెద్ద చెంచాలు కలిపి, పాత కాటన్ గుడ్డ ముంచి కుళాయికి చుట్టేయండి. అరగంటాగి బీరకాయ పీచుతో రుద్దితే గార పొడిలా రాలుతుంది. షవర్ మూతి విప్పి అందులోనే నానబెడితే మూసుకుపోయిన రంధ్రాలు తెరుచుకుంటాయి. తర్వాత మామూలు నీళ్లతో కడిగి పొడిగా తుడవాలి. పూత ఉన్న కుళాయిలకి గుడ్డ చుట్టి రాత్రంతా వదిలేయకండి, మెరుపు పోతుంది.

కూకట్‌పల్లి_కుర్రాడు
వెనిగర్, వంట సోడా కలిపి పోస్తే బుసబుసా పొంగి మొత్తం ఊడిపోతుందని రీల్స్‌లో చూశా. ఎవరైనా ట్రై చేశారా?

కెమిస్ట్రీ_సార్
పొంగు చూడ్డానికి బాగుంటుంది బాబూ, అంతే. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం. కలిస్తే దేని బలం దానికి పోయి, కాస్త సోడియం ఎసిటేట్, నీళ్లు మిగులుతాయి. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. గారని కరిగించాల్సిన ఆమ్లం సోడాకే ఖర్చయిపోతుంది. విడివిడిగా అయితే రెండూ పనికొస్తాయి: గారకి ఆమ్లం, జిడ్డుకి సోడా.

సునీత గారి ప్రశ్నకి వస్తే, క్లీనర్ కంటే ముందు నీళ్ల గురించి తెలుసుకోవాలి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించుకుంటే ఎక్కడున్నారో తెలుస్తుంది. తడి ఆరిపోయినప్పుడు ఆ లవణాలు కార్బొనేట్లుగా మిగిలిపోతాయి, మీరు చెప్పే తెల్ల గార అదే. ఒంటి సబ్బు కాల్షియంతో కలిస్తే కరగని తెట్టు అవుతుంది, బకెట్ అంచున చేతికి అంటుకునేది అదే. అందుకే సబ్బుతో చేసిన ‘నేచురల్’ క్లీనర్లకి బోరు నీళ్లలో సరిగ్గా నురగ కూడా రాదు. మంజీరా నది నీళ్లు నల్లాలో వచ్చే ఇంట్లో అందరూ మెచ్చుకున్నది నిజాంపేట్‌లో తుస్సుమనొచ్చు. రివ్యూ రాసినవాళ్లకి ఏ నీళ్లు వస్తాయో అడగండి. కుంకుడుకాయలకి ఈ గొడవ లేదు, వాటిలో నురగనిచ్చే సాపొనిన్లకి బోరు నీళ్లలోనూ నురగ వస్తుంది. కాకపోతే రసం రెండు మూడు రోజులకే పులిసిపోతుంది, కొద్దికొద్దిగా తీసుకోవాలి.

ఇంకొకటి, ఇది అందరికీ. బ్లీచింగ్ పౌడర్‌తో ఏ ఆమ్లాన్నీ కలపొద్దు. యాసిడ్ ఒక్కటే కాదు, వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా. క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీ లేని చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది.

తాండూర్_బండ
నిమ్మ ఉప్పు పోసేముందు కాళ్ల కింద ఏముందో చూసుకోండి. పాత ఇళ్లలో తాండూరు, షాబాద్ బండలు, గట్ల మీద కడప బండ ఉంటాయి. ఇవన్నీ సున్నపురాళ్లే. గారా సున్నమే, బండా సున్నమే, ఆమ్లానికి తేడా తెలీదు. మలక్‌పేటలో మేం అద్దెకిచ్చిన పోర్షన్‌ని వెళ్లిపోయేవాళ్లు యాసిడ్ పోసి ‘శుభ్రంగా’ కడిగి ఇచ్చారు. పాలిష్ పోయి బండ మీద పాలిపోయిన మచ్చలు, అరచేత్తో తడిమితే గరుకు. ఇప్పుడు మురికంతా అక్కడే పట్టుకుంటోంది.

మార్బుల్‌కీ ఇదే గతి. సిరామిక్ టైల్‌కి పర్లేదు గానీ టైల్స్ మధ్య సిమెంటు పాయింటింగ్‌ని ఆమ్లం తినేస్తుంది. అనుమానం ఉంటే కనపడని మూల ఒక చుక్క వేసి చూడండి, సన్నటి బుడగలు వస్తే సున్నపురాయి. అలాంటి బండకి చాకలి సోడా నీళ్లు, కొబ్బరి ఈనెల చీపురు చాలు. సోడా చేతుల్ని మండిస్తుంది, గ్లౌజులు వేసుకోండి.

నిజాంపేట్_సునీత
మాది సిరామిక్ టైలే, గడప మాత్రం నల్ల బండ. కడపదో గ్రానైటో తెలీదు, చుక్క వేసి చూస్తాను. రీఫిల్ పౌచ్‌లు, ట్యాబ్లెట్ల సంగతేంటి?

గచ్చిబౌలి_గేటెడ్
పౌచ్‌లో ప్లాస్టిక్ బరువు తక్కువే, నిజం. కానీ అది పొరలు పొరలుగా అతికించిన ప్లాస్టిక్, పాత సామాన్లవాళ్లు ముట్టుకోరు. చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే. గట్టి డబ్బానైతే కనీసం కొనుక్కుంటారు. మా బ్లాక్‌లో కొన్ని ఇళ్లవాళ్లం కలిసి పెద్ద క్యాన్ తెప్పించుకుని పాత సీసాల్లో నింపుకుంటున్నాం. క్యాన్ తిరిగి తీసుకునే సప్లయర్ దొరకడమే కష్టమైన పని.

కాగితం ప్యాక్‌లో వచ్చే పొడి, ట్యాబ్లెట్లు మంచివే. నీళ్లలో కరిగే పొరలో చుట్టిన పాడ్స్ వేరు. ఆ పొర పాలీవినైల్ ఆల్కహాల్, పెట్రోలియం నుంచి వచ్చే పాలిమరే. కరిగి కనపడకుండా పోయినంత మాత్రాన లేనట్టు కాదు. లేబుల్ మీద ఆకు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు. 1991లో కేంద్రం మొదలుపెట్టిన ఎకోమార్క్ అనే ప్రభుత్వ గుర్తింపుకి మట్టి కుండ గుర్తు ఉంటుంది, వెతకాలనుకుంటే అది వెతకండి.

మా కమిటీకి అసలు పట్టింపు ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంట్) వల్ల వచ్చింది. అందులో మురుగుని తినేది బ్యాక్టీరియా. యాసిడ్, బ్లీచింగ్, ఫినాయిల్ మోతాదు మించితే అవి చస్తాయి, తర్వాత ఫ్లష్‌లోకి తిరిగొచ్చే నీళ్లే కంపు కొడతాయి. సెప్టిక్ ట్యాంక్ ఉన్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

మేడమీద_తోట
బయో ఎంజైమ్ ఎవరూ చెప్పలేదేం? ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు, మూడు నెలలు. బత్తాయి తొక్కలు జ్యూస్ బండి దగ్గర అడిగితే సంచెడు ఇస్తారు. మొదటి నెల రోజూ మూత వదులు చేయాలి, లేకపోతే గ్యాస్ నిండి పేలుతుంది. గాజు సీసా పగులుతుందని ప్లాస్టిక్ డబ్బానే వాడమంటారు, అదీ తమాషా! పాత నూనె క్యాన్లు వాడుకుంటున్నాను. రోజూ నేల కడగడానికి, వాసనకి బాగుంటుంది. ముదిరిన గారకి పనిచేయదు. పుల్లటిదే కాబట్టి తాండూరు బండ మీద పోయకండి. ఇంట్లో విరేచనాలో, అంటురోగమో ఉన్నప్పుడు దీన్ని నమ్ముకోవద్దు, అప్పుడు బ్లీచింగ్ పౌడరే వాడండి.

సూటిగా_చెప్తా
అన్నీ బాగున్నాయి గానీ కడిగేది ఎవరు? చాలా ఇళ్లలో పనావిడే. నాలుగిళ్లు తిరిగే మనిషికి గుడ్డలు చుట్టి అరగంట కూర్చునే తీరిక ఎక్కడిది? అందుకే ఆమె యాసిడే అడుగుతుంది. చిల్లర అమ్మకాల మీద 2013లోనే సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది, అయినా మా వీధిలోకి తోపుడు బండి మీద వాడేసిన నీళ్ల సీసాల్లో వస్తూనే ఉంది. మా ఇంట్లో చేసే ఆవిడ వేళ్ల కొసలు చూశాను, తెల్లగా పొరలు లేచి గీతలు అరిగిపోయి ఉన్నాయి. ఇప్పుడు ఆవిడ వచ్చేలోపు నానబెట్టే పని మేమే చేసేస్తాం. స్నానం అయ్యాక ఎవరికి వాళ్లు గోడ, గాజు వైపర్‌తో లాగేయాలని ఇంట్లో రూల్ పెట్టాం. ఆరడానికి తడే మిగలకపోతే గార ఎక్కడిది? పిల్లలు గొణుగుతున్నారు, గొణగనీ.

కూకట్‌పల్లి_కుర్రాడు
బ్రష్ సంగతి చెప్పండి. చెక్క పిడి, కొబ్బరి పీచు ఉన్నది కొంటే వానాకాలంలో బూజు పట్టదా?

అల్వాల్_అక్క
పడుతుంది. వాడాక దులిపి తలకిందులుగా ఎండలో వేలాడదీయాలి. టాయిలెట్ లోపలికి మాత్రం ఉన్న ప్లాస్టిక్ బ్రష్‌నే అరిగేదాకా వాడు తమ్ముడూ, పారేసి కొత్తది కొనడం దేనికి?

నిజాంపేట్_సునీత
గడప మూల చుక్క వేశాను, బుడగలు వచ్చాయి. అంటే కడప బండే. షవర్ కింద కారే నిమ్మ ఉప్పు నీళ్లు వాలుకి అటే పోతాయి, ఏం చేయాలి?

తాండూర్_బండ
షవర్ మూతి విప్పి బకెట్‌లోనే నానబెట్టండి మేడమ్. కుళాయికి చుట్టిన గుడ్డని గట్టిగా పిండి చుట్టండి, కింద ఒక మగ్గు పెట్టండి. గడపకి అడ్డంగా పాత తువ్వాలు చుట్టి వేస్తే చాలు. ఒకవేళ కారినా వెంటనే రెండు చెంబులు నీళ్లు కుమ్మరించండి.