పిల్లల పని ఉందని పత్తిని బాయ్‌కాట్ చేస్తే దెబ్బ ఎవరికి?

కోవెలకుంట్ల రైతు: పిల్లలు పనిచేసిన పత్తి బట్టలు కొనొద్దని మా గ్రూపులో మెసేజ్ తిరుగుతోంది. మన దగ్గర పిల్లలు దిగింది ఎక్కువగా సీడు పత్తిలో, అంటే కంపెనీలకు విత్తనం పండించే చేలల్లో. సాయంత్రం ప్రతి మొగ్గా ఒలిచి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలి, అదీ నెలల తరబడి. ఎక్కడో ఎవరో చొక్కా కొనడం మానేస్తే ఆ సెగ కంపెనీకి తగలదు, మా రేటుకే తగులుతుంది.

అనంతపురం టీచర్: ఉజ్బెకిస్తాన్‌లో ప్రభుత్వమే పిల్లల్ని బళ్లోంచి పత్తి ఏరడానికి తోలేది. వందల కంపెనీలు ఆ పత్తి వాడబోమని చెప్పాయి. పరిస్థితి మారాక 2022 మార్చిలో బాయ్‌కాట్ ఎత్తేశారు. మరి అది పనిచేసినట్టా కాదా?

కోవెలకుంట్ల రైతు: అక్కడ తోలింది సర్కారు, ఆపిందీ సర్కారే. ఇక్కడ రెండెకరాలు, మూడెకరాల రైతులం వేలమందిమి. బంగ్లాదేశ్ చూడు. పిల్లలు చేసిన సరుకు దిగుమతి ఆపాలని అమెరికాలో బిల్లు పెట్టారని 1993లో గార్మెంట్ ఫ్యాక్టరీలు వేలమంది పిల్లల్ని పంపేశాయి. వాళ్లలో చాలామంది రాళ్లు కొట్టడం లాంటి ఇంకా అధ్వానమైన పనులకు పోయారని యునిసెఫే రాసింది.

కడప కుర్రోడు: గార్మెంట్ వేరు, సేద్యం వేరు. టాపిక్ మీద ఉండండి.

అనంతపురం టీచర్: అన్నా, మీ పిల్లలెప్పుడైనా మొగ్గ ఒలిచారా?

కోవెలకుంట్ల రైతు: తెలుసుకుని మాట్లాడు! మా పాప రెండు సీజన్లు ఒలిచింది, బడి మాన్పించే దింపినా. అంతకుముందు ఏడాది మొలక టెస్టులో విత్తనం ఫెయిలైందని లాటు మొత్తం వెనక్కి తోశారు. కంపెనీ రేటును మించి అడిగితే కంపెనీకీ మాకూ మధ్య ఉండే ఆర్గనైజరు పక్క ఊరికి పోతానంటాడు. ఆ రేటులో పెద్దోళ్ల కూలి ఎట్లా గిట్టుతుంది?

ఆళ్లగడ్డ అమ్మాయి: నేను ఒలిచినదాన్నే. 2001లో నాకు 11 ఏళ్లు. అక్క పెళ్లికని నాన్న రైతు దగ్గర అడ్వాన్సు తెచ్చాడు, అది నా చేతులతో తీరాలి. బొటనవేలి గోరు కింద చీలిపోయి అన్నం కలుపుకుంటే కారానికి మండేది. మందు కొట్టిన మర్నాడే చేలోకి దింపేవారు. మా అన్నలిద్దరూ బడికే పోయారు. అన్నా, మీ అబ్బాయి కూడా ఒలిచాడా?

కోవెలకుంట్ల రైతు: వాడు హాస్టల్లో ఉన్నాడు తల్లీ.

ఆళ్లగడ్డ అమ్మాయి: రేటు చాలకపోవడమే కారణమైతే ఇద్దరూ దిగాలి కదా.

కోవెలకుంట్ల రైతు: దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ రేటు మాట మాత్రం వదలను.

కడప కుర్రోడు: అక్కా, అంటే బాయ్‌కాట్ చేయాలంటావా?

ఆళ్లగడ్డ అమ్మాయి: చొక్కాలు మానేస్తే మా ఊరికి తెలియను కూడా తెలియదు. విత్తనం కొనే కంపెనీ పేరు బయటపడితే తెలుస్తుంది. ఒకసారి కంపెనీ వాళ్లు చూడటానికి వస్తున్నారని మమ్మల్ని గడ్డివామి వెనక కూర్చోబెట్టారు, వాళ్లు పోయేదాకా దగ్గు కూడా ఆపుకున్నాం. అంటే భయం ఉన్నట్టే కదా. కానీ వచ్చినవాళ్లు చేను చూసి పోయారు, బడి రిజిస్టరు అడగలేదు. రేటు పెంచమనండి, ఆ ఊరి ఆడపిల్లల హాజరు చూశాకే డబ్బు ఇవ్వమనండి.

కోవెలకుంట్ల రైతు: రేటు పెంచితే ఆ షరతుకు నేనే ముందు సంతకం పెడతా.

ఆళ్లగడ్డ అమ్మాయి: పెంచకపోయినా పెట్టాలి అన్నా.