రాజీనామా అంటే ఉద్యోగం వదలడమేనా?

నిన్న ఒక సోదరి ఇక్కడ అడిగారు. బాకీ దావాలో రాజీ కుదిరాక కూడా అవతలివాళ్లు డబ్బు కట్టకపోతే, కోర్టు పూర్తి విచారణ లేకుండా ఇచ్చే సమ్మరీ జడ్జిమెంటుని 'పరిష్కార ఒప్పంద ఉల్లంఘనానంతర సంక్షిప్త తీర్పు' అని అనువదించవచ్చా అని. ఇరవై ఆరేళ్లుగా ప్లీడరు గుమాస్తాగా ఉన్నాను. ఈ కాగితాలు రాసిన చేతితోనే జవాబు చెబుతున్నాను: వద్దమ్మా. మనకు మాటలున్నాయి.

ముందు 'రాజీనామా'. ఇప్పుడు ఈ మాట వింటే మంత్రిగారి పదవో, ఉద్యోగమో గుర్తొస్తుంది. రాజీ అంటే అరబీలో సమ్మతించడం, నామా అంటే పారసీలో పత్రం. రెండూ కలిస్తే సమ్మతి పత్రం. హిందీ, ఉర్దూల్లో ఈనాటికీ అదే అర్థం, ఉద్యోగం వదలడాన్ని వాళ్లు ఇస్తీఫా అంటారు. తెలుగు, కన్నడం, మరాఠీ, తమిళాల్లో మాత్రం అది పదవి వదులుకోవడం వైపు జరిగింది. బొంబాయి ఇలాకాలో రైతు తన భూమి హక్కు వదులుకుంటూ సర్కారుకి రాసిచ్చే కాగితాన్ని రాజీనామా అనేవారు. ఈ కొత్త అర్థం అటునుంచే వచ్చిందని నా నమ్మకం. కోర్టు వరండాలో మాత్రం పాత అర్థం చావలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 23, రూల్ 3 కింద ఇరుపక్షాలూ సంతకాలు చేసి దాఖలు చేసేదాన్ని మేం ఇప్పటికీ రాజీనామా అనే అంటాం.

అసలు నేను చెప్పాలనుకున్న మాట 'వాయిదా'. కిందటేడు ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతలు పెట్టిన కాగితం తెచ్చారు. 2,40,000 బాకీ, ఆరు వాయిదాలు, ఒక్కోటి 40,000. రెండు కట్టినట్టు వెనక చెల్లు వేసి ఉంది, మూడోది లేదు. ఆయన 'డబ్బు ఎగ్గొట్టాడు' అనలేదు. 'వాయిదా తప్పాడండీ' అన్నారు, అదీ గొంతు తగ్గించి. వాయిదాకి మూలమైన అరబీ మాటకి అర్థం మాట ఇవ్వడం. హిందీలో 'వాదా' కూడా అదే. కట్టాల్సిన గడువైనా, కేసు మళ్లీ పిలిచే తేదీ అయినా, ఫలానా రోజుకని ఇచ్చిన మాటే. అందుకే వాయిదా తప్పడమంటే మాట తప్పడమే. 'ఉల్లంఘన' అని రాస్తే ఆ పెద్దాయన బాధలో సగం పోతుంది.

ఆ కాగితంలో ఇంకో వాక్యం ఉంది: 'ఏ ఒక్క వాయిదా తప్పినను మిగిలిన మొత్తము వడ్డీతో సహా ఏకముగా వసూలు చేసుకొనుటకు వాదికి హక్కు కలదు'. ఈ ఒక్క వాక్యం లేక ఏళ్లు తిరిగినవాళ్లని చూశాను.

తర్వాత ఏం జరుగుతుందన్నది రాజీ ఎక్కడ జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. కోర్టులో దాఖలై డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) అయితే మళ్లీ దావా అక్కర్లేదు, నేరుగా ఈపీ, అంటే డిక్రీని అమలు చేయమనే పిటిషన్ వేస్తారు. దానికి 12 ఏళ్ల గడువుంది. లోక్ అదాలత్ అవార్డుకీ డిక్రీ బలమే, పైగా అప్పీలు లేదు. అదే పెద్దమనుషుల మధ్య రాసుకున్న కాగితమైతే, మూడేళ్లలోగా దానిమీద దావా వేయాలి. రాతపూర్వకంగా ఇంత అని తేలిన బాకీ కనుక అదే కోడ్‌లో ఆర్డర్ 37 దారి ఉంది, అంటే పూర్తి విచారణ లేకుండా తేల్చే దావా. ప్రతివాది 10 రోజుల్లో హాజరవ్వాలి, ఆ తర్వాత వాదించుకోవడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అది దొరక్కపోతే సాక్షులూ క్రాస్ ఎగ్జామినేషనూ లేకుండానే డిక్రీ వస్తుంది.

అంటే కురచ చేసేది విచారణని, తీర్పుని కాదు. 'సంక్షిప్త తీర్పు' అంటే చదివినవాడు రెండు పేజీల తీర్పనుకుంటాడు. నేనైతే ఇలా రాస్తాను: 'రాజీ వాయిదాలు తప్పినందున, పూర్తి విచారణ లేకుండా బాకీకి ఇచ్చిన డిక్రీ'. పొడుగే, కానీ కక్షిదారుడికి అర్థమవుతుంది.

వ్యాఖ్య: 'సరాసరి తీర్పు' అంటే సరిపోదా? సరాసరి ఇంటికొచ్చేశాడు అంటాం కదా.

జవాబు: మాట నచ్చింది, అర్థం కూడా దగ్గరే. కానీ పక్కనే అంకెలుంటాయి కదండీ. అసలు, వడ్డీ వరసలో 'సరాసరి' కనిపిస్తే యావరేజ్ అనుకుంటారు. బాకీ కాగితంలో ఆ గందరగోళం వద్దు.

వ్యాఖ్య: మా కరీంనగర్ దిక్కు 'కిస్తు తప్పిండు' అంటం. వాయిదా అంటే మాకు కోర్టు తారీఖే.

జవాబు: ఇది తెలియడం నాకు చాలా సంతోషం. కిస్తు కూడా అరబీదే, అర్థం భాగం. మీరు డబ్బు ముక్కని చూసి పేరు పెట్టారు, మేం ఇచ్చిన మాటని చూసి పెట్టాం. రెండిటికీ 'తప్పడం' ఒక్కటే క్రియ. రాయలసీమవాళ్లు ఏమంటారో కూడా చెప్పండి, రాసిపెట్టుకుంటాను.