కొత్త డబ్బాలు వచ్చాక 10.4 కాస్తా 10.1 అయింది: తప్పు పెల్లెట్లదా, పిల్లదా?

మారతహళ్లి నాన్న:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మా అమ్మాయికి పదహారేళ్లు, పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాలుస్తుంది. వేసవిలో 60 షాట్లకు 624 దాకా వచ్చేది, అంటే షాటుకు 10.4. జులైలో పాత పెల్లెట్ల (రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండ్ల) డబ్బాలు అయిపోతే అదే కంపెనీవి, అదే 4.50 మి.మీ. తల సైజువి ఐదు డబ్బాలు తెప్పించాను. అప్పటి నుంచి 606, 608, 605. కోచ్ గారేమో పెల్లెట్లలో ఏమీ లేదు, అమ్మాయి నిలబడే తీరులోనే తేడా వచ్చింది అంటారు. అమ్మాయేమో నేను మారలేదు, డబ్బా మారింది అంటుంది. రాత్రి భోజనాల దగ్గర రోజూ ఇదే పంచాయతీ.

నేను అకౌంట్స్ మనిషిని, లెక్క తేలకపోతే నిద్ర పట్టదు. చిక్‌పేటలో నగల దుకాణం ఉన్న స్నేహితుణ్ణి అడిగి ఎలక్ట్రానిక్ కాటా తెచ్చాను. రెండు ఆదివారాలు కూర్చుని 500 పెల్లెట్లు ఒక్కొక్కటే తూచాను. ఎక్కువ భాగం 0.53 గ్రాములు, కొన్ని 0.52, కొన్ని 0.54. మూడు గిన్నెల్లో వేరు చేశాను. (ఆ గిన్నెలను మా ఆవిడ మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. సీసం కదా, ఆవిడ అన్నదే సబబు.) కేవలం 0.53 ఉన్నవే ఇచ్చి కాల్చమంటే 607 వచ్చింది.

ఇప్పుడు 4.49కి మారాలా? రైఫిల్ వేగం కొంచెం పెంచాలా? అమెరికాలో బెంచ్‌రెస్ట్ వాళ్లు (రైఫిలును బల్ల మీద ఆనించి కాల్చేవాళ్లు) తూటాలు తామే తయారు చేసుకుని, తుపాకి మందు తూచి మరీ కాల్చే వీడియోలు చూశాను. మనం చేసుకోగలిగింది అలాంటిది ఏదైనా ఉందా?

కోరమంగళ 4.49:

4.49కి మారండి సార్. నేను 4.50తో 618 దాటలేదు, మారిన వారంలోనే 623 వచ్చింది.

రాజాజీనగర్ టూల్‌రూమ్:

మారిన వారంలో ఒక్కసారి 623 వస్తే అది తల సైజు వల్లో, ఆ రోజు నిద్ర బాగా పట్టడం వల్లో ఎలా తెలిసింది బాబూ? 4.49కీ 4.50కీ మధ్య తేడా తల వెంట్రుక మందంలో ఏడో వంతు. అది మీ బ్యారెల్‌కు నప్పి ఉండవచ్చు, కాదనను. ఆయన బ్యారెల్‌కు నప్పుతుందని మాత్రం ఇక్కడ కూర్చుని చెప్పలేం.

నాన్నగారూ, ముందు తూకం సంగతి. మీ కాటా గ్రాములో వందో వంతు వరకే చూపిస్తుంది. అరగ్రాము వస్తువులో అది దాదాపు రెండు శాతం. 0.526 ఉన్నదీ 0.534 ఉన్నదీ మీరు ఒకే గిన్నెలో వేశారు. పోనీ వెయ్యో వంతు చూపే కాటా దొరికితే? మీరు లెక్కల మనిషే కదా, చూడండి. పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. పది మీటర్లు దాటేందుకు పట్టేది 0.06 సెకను. అంతలోనే 17 మి.మీ. దాకా కిందికి దిగుతుంది. ఒక పెల్లెట్ ఒక శాతం బరువుగా ఉంటే వేగం అర శాతం తగ్గుతుంది, దిగుడు ఒక శాతం పెరుగుతుంది. అంటే 0.17 మి.మీ. గురి కార్డు మీద ఒక దశాంశం పాయింటుకు (0.1కు) వెడల్పు 0.25 మి.మీ. మీ అమ్మాయి పోగొట్టుకుంటున్నవి షాటుకు మూడు దశాంశాలు. రెండు ఆదివారాలు కూర్చుని మీరు వెతికినది ఒక్క దశాంశం కూడా చేయదు.

వేగంలో నిలకడ లేకపోతే అది వేరే సంగతి. ఒక శాతం తేడాకే దిగుడు రెండు శాతం మారుతుంది, ఒకటిన్నర దశాంశం దాకా పోతుంది. క్లబ్బులో ఎవరి దగ్గరైనా క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉంటే పది షాట్లు కొలిపించండి. అన్నిటి మధ్య తేడా సెకనుకు రెండు మూడు మీటర్ల లోపల ఉంటే వేగం స్క్రూను ముట్టుకోవద్దు. పెంచితే మేలు జరుగుతుందనుకోవడం కూరలో రుచి లేదని ఉప్పు గుమ్మరించడం లాంటిది.

ఇక అసలు పని. నేను పీణ్యలో 34 ఏళ్లు టూల్‌రూమ్‌లో చేశాను. పీసు తప్పు వస్తే ఆపరేటర్ మిషను మీదికి తోస్తాడు, సెట్టర్ ఆపరేటర్ మీదికి తోస్తాడు. మీ భోజనాల బల్ల దగ్గర జరుగుతున్నదీ అదే. అప్పుడు మేం చేసేది ఒకటే, మనిషిని పక్కన పెట్టి మిషను ఒక్కదాన్నే నడిపి చూడటం. మీరూ రైఫిలును వైసులో బిగించండి, ఇంట్లో కాదు, క్లబ్బులోనే. బల్ల బరువైనది కావాలి, కింద నాలుగు ఇసుక సంచులు వేస్తే ఇంకా మంచిది. కొత్త లాట్ (కంపెనీలో ఒకే విడతలో తయారైన సరుకు) మొదలుపెట్టినప్పుడల్లా మొదటి పదిహేను షాట్లు లెక్కలోకి తీసుకోకండి, బ్యారెల్ ఆ సీసానికి అలవాటు పడాలి.

ఐదు షాట్లు కాల్చి గ్రూపు (రంధ్రాలన్నీ పరుచుకున్న వెడల్పు) చిన్నగా వచ్చిందని సంబరపడవద్దు. 5 షాట్లకు 3 మి.మీ. గ్రూపు వేసే రైఫిల్ ఏ దోషమూ లేకుండానే 10 షాట్లకు సగటున 3.7 వేస్తుంది. షాట్లు పెరిగే కొద్దీ గ్రూపు పెరగడం దాని స్వభావం. పైగా ఎనిమిది డబ్బాలు తెచ్చి ఒక్కో దానితో ఐదేసి కాలిస్తే, ఎనిమిదీ ఒకటే అయినా ఏదో ఒకటి అదృష్టం కొద్దీ గెలుస్తుంది. మనం దాన్ని ఇరవై డబ్బాలు కొంటాం. అందుకే ఒక్కో లాట్‌కు పదేసి షాట్ల గ్రూపులు నాలుగు వేయండి. డబ్బాలను వరుసగా కాకుండా మార్చి మార్చి కాల్చండి.

కొలవడంలో ఒక చిన్న మెలకువ ఉంది. గ్రూపు బయటి అంచు నుంచి అంచుకు వెర్నియర్ పెట్టి కొలిచి అందులోంచి 4.5 తీసేస్తారు అందరూ. కాగితం కాస్త ముడుచుకుంటుంది కాబట్టి రంధ్రం 4.5 ఉండదు. అదే కార్డు మూల మీద ఒక్క షాటు వేసి ఆ రంధ్రాన్నే కొలిచి, ఆ అంకెను తీసేయండి.

అయినా ఇన్నాళ్లూ స్కోరు చూసి ఎందుకు తేలలేదంటే, చేతి వణుకూ పెల్లెట్ చెదురూ నేరుగా కూడుకోవు. లంబకోణ త్రిభుజంలో రెండు భుజాల్లా కూడుతాయి. ఇటు 4, అటు 3 అయితే మొత్తం 7 కాదు, 5. చేతి వణుకు పెద్దదైతే పెల్లెట్ దోషం దాని వెనక దాక్కుంటుంది. స్కోరు పుస్తకం ఎంతసేపు తిరగేసినా ఆ రెండూ విడివడవు.

అమెరికా వాళ్ల పని వేరు. మందు ఒక పిసరు ఎక్కువా తక్కువా, గుండు ఎంత లోతుకు దిగాలి, ఇత్తడి గొట్టం మెడ ఎంత బిగువుగా ఉండాలి, అన్నీ వాళ్ల చేతిలో ఉంటాయి. మన చేతిలో ఉన్నది డబ్బాను ఎంచుకోవడం ఒక్కటే. .22 తూటాల రైఫిలు కాల్చేవాళ్లదీ అంతే. అందుకే ఆ తూటాలు చేసే ఎలే, లాపువా కంపెనీలు తమ పరీక్షా కేంద్రాల్లో షూటర్ రైఫిలును బిగించి లాట్ తర్వాత లాట్ కాల్చి చూపిస్తాయి.

ఒకటి మరిచాను. ఐదు డబ్బాలూ తిరగేసి లాట్ నంబర్లు చదివారా?

అడయార్ ఉప్పుగాలి:

టూల్‌రూమ్ గారు చెప్పాక నేను చెప్పేది తక్కువే. చెన్నైలో మా ఇంటికి సముద్రం దగ్గర, మూత సరిగా పెట్టని డబ్బాలో పెల్లెట్లు కొన్ని నెలల్లోనే తెల్లబడి పొడి రాలుతుంది. స్టీలు డబ్బాలో సిలికా జెల్ సంచి వేసి పెడతాను. తెల్లబడినవి పోటీకి తీసుకెళ్లను. పెల్లెట్ వెనక స్కర్టు (గుల్లగా విచ్చుకున్న భాగం) అంచు సొట్టపోయినవి కూడా కంటితో చూసి పక్కన పెట్టండి, కాటా కంటే అదే నయం. ఏది ముట్టుకున్నా తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

వైసు దాకా పోకముందే స్టాక్ స్క్రూలు, వెనక సైట్ స్క్రూ ఒకసారి ఆలెన్ కీతో చూడండి. నేను రెండు నెలలు పెల్లెట్లను తిట్టుకున్నాను. తీరా చూస్తే సైట్ గోటితో కదిలింది.

మారతహళ్లి నాన్న:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. స్క్రూలన్నీ బిగువుగానే ఉన్నాయి. డబ్బాలు తిరగేస్తే ఐదింటిలో రెండింటి మీద వేరే లాట్ నంబరు ఉంది! నేను 500 తూచిన మనిషిని, అడుగున ఉన్న చీటీ చదవలేదు. జులై నుంచి అమ్మాయి కాలుస్తున్నది ఆ రెండింటిలోవే. అమ్మిన వారికి ఫోను చేస్తే "అన్నీ ఒకటే సార్" అన్నారు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు, ఎవరూ రాకముందు, కోచ్ గారి అనుమతితో బిగించి కాల్చాం. వేరే నంబరు లాట్ మొదటి ఐదు షాట్లకు మధ్య నుంచి మధ్యకు 2.1 మి.మీ. వచ్చింది. కోచ్ గారు నా వైపు చూసి నవ్వారు. ఆరో షాటు ఎడమకు జరిగింది. ఎనిమిదోది ఇంకా కిందికి పడి, నల్లని చుక్క పక్కన చెవిలా అంటుకుంది. పది అయ్యేసరికి 3.6. తర్వాతి మూడు గ్రూపులు 4.1, 3.4, 4.3. మిగతా మూడు డబ్బాలవి 1.6, 1.9, 1.7, 1.8. అమ్మాయి కిట్ సంచి అడుగున పాత డబ్బాలోవి 22 దొరికాయి, పదిహేను అలవాటుకు పోస్తే పది మిగలవు కాబట్టి నేరుగా రెండు గ్రూపులు వేశాం: 1.8, 1.6.

మంచి డబ్బాలతో ఇప్పుడు 613, 615 వస్తున్నాయి. 624 రాలేదు. మిగతాది తన పని అని కోచ్ గారు అమ్మాయిని గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచారు. వేసవి నుంచి మూడు సెంటీమీటర్లు పెరిగిందట. బట్ ప్లేట్ (భుజానికి ఆనే రైఫిల్ చివరి భాగం) వెనక్కి జరిపారు, ఇంకా కుదురుకోలేదు. అమ్మాయి మాత్రం అదంతా అర్ధవార్షిక పరీక్షల వల్ల అంటోంది.

ఆ రెండు డబ్బాల్లో ఇంకా ఏడు వందలు మిగిలాయి. పారేయాలా?

రాజాజీనగర్ టూల్‌రూమ్:

పారేయవద్దు. రైఫిల్ ఖాళీగా ఉన్నప్పుడు వాటితో మీరు కాల్చండి. మీ చేతికి ఆ రెండు లాట్ల మధ్య తేడా ఏమీ కనిపించదు.