“వచ్చీసినాడు”, “ఉన్నాది”: ఎర్ర గీత ఎక్కడ పెట్టాలి?

(ఉత్తరాంధ్ర యాస మీద ఒక చర్చ. మాట్లాడేవారి పేర్లకి బదులు వారి ఊళ్ల పేర్లు ఇచ్చాం.)

రాజాం:
ఎనిమిదో తరగతి పిల్లవాడి నోట్సులోవి ఈ మూడు వాక్యాలు. “మా తాత నిన్న సాయంత్రం ఊరునుంచి వచ్చీసినాడు. మా అప్ప ఇంటిలో ఉన్నాది. పొయ్యిమీద పాలు పొంగిపోనాయి.” వచ్చీసినాడు, ఉన్నాది, పొంగిపోనాయి అన్న మూడు మాటల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, పక్కన “గ్రామ్యం” అని రాసి ఉంది. ఇవి ఏ సూత్రం ప్రకారం తప్పు? సూత్రం చెప్పగలిగినవారు చెప్పండి. “వినడానికి బాగోదు” అన్న జవాబు వద్దు.

విజయనగరం:
సూత్రం కావాలంటే చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంలోనే ఉందమ్మా: “లక్షణవిరుద్ధంబగు భాష గ్రామ్యంబు.” వ్యాకరణం చెప్పిన లక్షణానికి సరిపోనిదంతా గ్రామ్యమే. దీన్ని అక్షరాలా పట్టుకుంటే మాత్రం ఎర్ర సిరా సీసా చాలదు. వస్తాడు, చేస్తున్నాం, వెళ్దాం, ఇవేవీ ఆ లక్షణానికి నిలబడవు. ఇవాళ పాఠ్యపుస్తకాల్లో అచ్చయ్యే వచనంలో సగం క్రియలు గ్రామ్యాలే అవుతాయి. కాబట్టి ఆ మాట రాసినవారు చిన్నయసూరిని తలుచుకుని రాయలేదు. కృష్ణా గోదావరి జిల్లాల రూపం సరైనదనీ, మనది కాదనీ వారి లెక్క. అది వ్యాకరణం కాదు, వేరే సంగతి.

ఆమదాలవలస:
“వచ్చినాడు” సంగతి ముందు చూద్దాం, “ఈసి” తర్వాత. విరాటపర్వంలో తిక్కన పద్యం అందరికీ తెలిసిందే: “వచ్చినవాఁడు ఫల్గునుఁ డవశ్యము గెల్తు మనంగరాదు”. అక్కడ వచ్చినవాడు క్రియ కాదు, నామం. వచ్చిన మనిషి అర్జునుడు అని అర్థం. వచ్చిన + వాడు. ఆ “వ” నోట్లో జారిపోతే వచ్చినాడు. అదే వాక్యం చివర నిలబడి క్రియగా పనిచేయడం మొదలుపెట్టింది. అందుకే మన భూతకాల క్రియలకి వాడు, వారు, అవి అన్న తోకలు కనిపిస్తాయి: వచ్చినాడు, వచ్చినారు, వచ్చినాయి.

మధ్య కోస్తాలో ఇంకో మెట్టు దిగారు. వచ్చినాడులోని “ఇన” అరిగిపోయి వచ్చాడు అయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆ అరుగుదల జరగలేదు. ఏది పాతది అని అడిగితే మన పిల్లవాడు రాసిందే పాతది. పాతది కాబట్టి గొప్పదని అనడం లేదు. చెడిపోయిన రూపం అనడానికి మాత్రం వీల్లేదు.

ఇక్కడే చేశాడా, చేసాడా అన్న నిత్య తగాదాకి కూడా జవాబుంది. చేసినాడులో “ఇ” పోతూ పోతూ ముందున్న “స” మీద తన తాలవ్య గుణం (నాలుక అంగిలి వైపు లేచి పలికే తీరు) వదిలిపోయింది, అందుకే శ. పత్రికలు ఎక్కువగా “చేశాడు” అని అచ్చువేసేది అందుకే. మనవాళ్లు “సేసినాడు” అన్నప్పుడు ఆ “ఇ” అక్కడే ఉంది కాబట్టి శకారంతో పనిలేదు. ఇంకో తేడా చెవి పెట్టి వినండి. వచ్చాడులోని దీర్ఘం చాలామంది నోట శుద్ధమైన “ఆ” కాదు. ఆకారానికీ ఏకారానికీ మధ్య ఎక్కడో పలుకుతుంది. దానికి మన లిపిలో అక్షరమే లేదు. వచ్చినాడులో మాత్రం నిఖార్సైన “ఆ”.

బొబ్బిలి:
అది సరే మాష్టారూ, “ఉన్నాది”కి ఏటి సమాధానం? ఉన్న + అది ఉన్నది కావాలి. ఆ దీర్ఘం ఎక్కడిది? తిక్కన దగ్గర దొరకదు కదా.

ఆమదాలవలస:
దొరకదు. ఆ దీర్ఘం పక్కవాళ్లని చూసి వచ్చింది బావూ. వరసగా చదవండి: ఉన్నాను, ఉన్నావు, ఉన్నాడు, ఉన్నాం, ఉన్నారు, ఉన్నాయి. అన్నిటా “న్నా”. ఒక్క ఉన్నది మాత్రం పొట్టిగా వేరుపడి ఉంది. వాడుక దాన్ని కూడా లాగి వరసలో నిలబెట్టింది: ఉన్నాది, వచ్చినాది, తిన్నాది. మధ్య కోస్తా అదే మాటని ఎదురు దిక్కుకి తోసి ఇంకా కుదించింది: ఉంది, వచ్చింది, తింది. ఉన్నది అన్న మూలరూపం నుంచి రెండూ దూరం జరిగినవే. ఒకదానికి దండ, ఇంకోదానికి సున్నా ఎందుకో అర్థం కాదు.

టెక్కలి:
అసలు సరదా అంతా “ఈసి”లో ఉంది. వచ్చి + వేసినాడు. ఈ వేయు విసరడం కాదు, పని పూర్తయిందని చెప్పే సహాయక క్రియ. కృష్ణ ఒడ్డున “వచ్చేశాడు”, మన దగ్గర “వచ్చీసినాడు”. తినీసినాడు, ఇచ్చీసినాను, రాసీసినాది అన్నీ ఇదే అచ్చు. “వచ్చినాడు” అంటే వచ్చాడు, అంతే. “వచ్చీసినాడు” అంటే రావడం అయిపోయింది, ఇక ఎదురుచూడక్కర్లేదు, లేదా అనుకున్నదానికంటే బేగి వచ్చాడు. ఈ తేడాని ఒక్క మాటలో చెప్పే వీలు గ్రాంథికపు “వచ్చెను”లో లేదు.

ఇది ఇష్టమొచ్చిన క్రియకి తగిలించేది కాదు. మనిషి కావాలని చేసే పనికి వేయు, దానంతట అది జరిగేదానికి పోవు. గ్లాసు పగిలిపోనాది, కాని గ్లాసు పగలగొట్టీసినాడు. అన్నం మాడిపోనాది, కాని అన్నం మాడ్చీసినాది. అందుకే ఆ పిల్లవాడు పాలు “పొంగిపోనాయి” అని రాశాడు. “పొంగీసినాయి” అని రాయలేదు. ఈ నియమం ఏ తరగతిలోనూ చెప్పరు, అయినా పలకపట్టని పిల్ల కూడా తప్పదు.

బొబ్బిలి:
దొరికారు! “జొరం వచ్చీసినాది” అంటాం కదా. జ్వరం కావాలని వచ్చిందా? “వాన వచ్చీసినాది” సంగతేటి?

టెక్కలి:
మంచి పట్టు. వచ్చు ఆ నియమానికి లొంగదు, దానికి కారణం ఉంది. పోవు అసలు అర్థం వెళ్లడం. “వచ్చిపోనాది” అనండి చూద్దాం, వచ్చి తిరిగి వెళ్లిపోయిందన్న అర్థం వస్తుంది. ఆ చోటు అప్పటికే నిండిపోయింది కాబట్టి వచ్చుకి మిగిలిన దారి వేయు ఒక్కటే. వెళ్లుకి దీనికి తలకిందులు: ఎంత కావాలని వెళ్లినా “ఎల్లిపోనాడు” అనాలి. “ఎల్లీసినాడు” అని ఎవరైనా అంటే, ఈ ప్రాంతం మనిషి కాదని అర్థం.

ఇంకో కట్టుబాటు. మామూలు వ్యతిరేకంలో ఈ వేయు నిలవదు. వచ్చీసినాడుకి వ్యతిరేకం రాలేదు. పూర్తికాని పనికి పూర్తయిందన్న గుర్తు ఎందుకు? “నేనేం అంతా తినీలేదు” అని దెబ్బలాటలో, ఎదుటివాడి మాటని తిప్పికొట్టేటప్పుడు మాత్రం వినబడుతుంది.

నెల్లిమర్ల:
ఇదంతా నిజమే, ఒప్పుకుంటాను. కాని పరీక్ష పేపరు దిద్దేవారు ఏ కర్నూలువారో కావచ్చు. “పోనాయి” అంటే పోనిచ్చారని చదువుకుంటారు. పది జిల్లాల పిల్లలు పది రకాలుగా రాస్తే రాతకి ఒక ఒరవడి ఎలా? గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు ఈ చర్చలోకి ఎలాగూ వస్తుంది కాబట్టి నేనే తెస్తున్నాను. ఆయన 1863లో పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. అయినా ఆయన అడిగింది ఎవరి యాసలో వారు రాసుకోమని కాదు; శిష్ట వ్యావహారికం. చదువుకున్నవారి నోట నలిగే భాష రాతలోకి రావాలన్నారు.

విజయనగరం:
ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పక్కన ఇంకోటి కూడా పెట్టాలి. గురజాడవారి కన్యాశుల్కం 1897లో అచ్చయింది, బాగా పెంచి తిరగరాసిన కూర్పు 1909లో వచ్చింది. అందులో పాత్రలన్నీ ఒకేలా మాట్లాడవు. ఎవరి భాష వారిదే. అంటే పాత్ర మాటకి ఒక కొలత, వ్యాసానికి ఇంకో కొలత. తరగతి గదిలో కూడా అదే చేయొచ్చు. పిల్లవాడు సంభాషణో కథో రాస్తే పాత్ర నోట వచ్చీసినాడు అలాగే ఉంచండి. వ్యాసమో ఉత్తరమో అయితే మాట కింద పెన్సిలు గీత గీసి, పక్కన “రాతలో: వచ్చేశాడు” అని రాయండి. సున్నా చుట్టొద్దు, “గ్రామ్యం” అనొద్దు.

ఎర్ర సిరా దేనికంటే, ఒకే పేరాలో “వచ్చెను” అని మొదలుపెట్టి “తినేశాడు”తో ముగించేదానికి. ఆ కలగాపులగం పిల్లల రాతలో చాలా ఎక్కువ. పాఠం గ్రాంథికంలో ఉంటే ఒక వాక్యం దాన్నుంచి ఎత్తి, తర్వాతి వాక్యం సొంతంగా రాయడం వల్ల వస్తుంది. రెండోది, ఏ ఊళ్లోనూ ఎవరూ అనని రూపాలకి. “అప్ప ఇంటిలో ఉన్నాయి” అని రాస్తే అది మాండలికం కాదు, తప్పే.

రాజాం:
అయితే ఆ మూడు వాక్యాల్లో తప్పన్నదే లేదా?

ఆమదాలవలస:
ఒకటుందమ్మా, ఎర్ర సిరాకి అదొక్కటే చిక్కలేదు. “ఊరునుంచి”. ఊరు, ఇల్లు, నెయ్యి లాంటి మాటలకి విభక్తి తగిలితే మధ్యలో ఇ, టి, తి వస్తాయి: ఊరిలో, ఇంటిలో, నేతితో. పిల్లవాడు “ఇంటిలో” అని సరిగ్గానే రాశాడు, “ఇల్లులో” అనలేదు. నోట మనం “ఊర్నుంచి” అంటాం. ఆ “ర్ను”ని విడదీసి రాసేటప్పుడు పోయిన అచ్చు “ఉ” అనుకున్నాడు. అది “ఇ”. ఊరినుంచి.